కీలును నిలుపు సిమెంటు

మానవ దేహమునందలి కీళ్ళలో భుజపు కీలువలె అన్ని వైపులకు తిరుగగలది మరియొకటి లేదు. తల దువ్వుకొనుటకును, చొక్కా తొడుగుకొనుటకును, అటకమీది వస్తువును అందుకొనుటకును అదియే ఆధారము. దండచేయి ఎముకయొక్క గుండ్రని తల, రెక్క ఎముక అంచున నున్న లోతులేని చిన్న గుంటలో ఆని తిరుగుచుండును. ఈ రెంటిని కప్పియుండు నున్నని మృదులాస్థి అరిగిపోయినచో ఎముకతో ఎముక రాచుకొనును. అప్పుడు చేయి ఎత్తుటయే దుర్భరమగును. మందులవలన ఊరట కలుగనిచో వైద్యులు కృత్రిమమైన కీలును అమర్చుదురు.

ఈ ప్రయత్నము 1893లో పారిస్ నగరమున జరిగెను. పెయాన్ అను శస్త్రవైద్యుడు, క్షయవలన భుజము చెడిన యొక రొట్టెల పనివానికి, ప్లాటినముతోను రబ్బరుతోను చేసిన కీలును అమర్చెను. అయినను చీముపట్టుటచే కొంతకాలమునకు దానిని తీసివేయవలసివచ్చెను. తరువాత 1950 ప్రాంతమున అమెరికాలో నీర్ అను వైద్యుడు లోహపు తలను ఉపయోగింప నారంభించెను.

అమర్చిన వస్తువు ఎముకలో కదలక నిలుచుట యెట్లు? ఇంగ్లండులో చార్న్‌లీ అను వైద్యుడు తుంటి కీలును నిలుపుటకై 1958లో అక్రిలిక్ సిమెంటును వాడెను. పిదప ఆ పద్ధతియే భుజమునకును వచ్చెను. ఇది ఇండ్లు కట్టు సిమెంటు కాదు. ఒక విధమైన ప్లాస్టిక్కు. ఒక పొడిని, ఒక ద్రవమును కలిపినచో పిండిముద్దవంటి పదార్థ మేర్పడును. అది వేడెక్కుచు, సుమారు 10 నుండి 15 నిమిషములలో రాయివలె గట్టిపడును.

ఈ సిమెంటు జిగురువలె అంటుకొనునది కాదు. ఎముక లోపలి సన్నని రంధ్రములలోనికి చొచ్చుకొనిపోయి, వేళ్ళు నేలను పట్టినట్లు పట్టుకొనును. నడుమ నెత్తురు నిలిచినచో ఆ పట్టు సడలును. తాపీమేస్త్రి ఇటుకను తడిపి పని చేయును. శస్త్రవైద్యుడు ఎముకను తుడిచి పని చేయును. అతడు రెక్క ఎముక గుంటలో బెజ్జములు తొలిచి, వానిని నీటితో కడిగి, గాజుగుడ్డతో తడి లేకుండ అద్దును. పిదప పిచికారితో సిమెంటును ఒత్తి నింపి, ప్లాస్టిక్కు గిన్నెను దానిపై నుంచి, గట్టిపడువరకు కదలనీయక అదిమిపట్టును. చీము పట్టకుండుటకై సిమెంటులో సూక్ష్మజీవులను చంపు మందును కలుపుటయు కలదు.

దండచేయి ఎముకలో దిగు లోహపు కాడను నేడు పెక్కుచోట్ల సిమెంటు లేకయే అమర్చుచున్నారు. గరుకైన దాని పైభాగమును ఎముకయే పెరిగి పట్టుకొనును. కాని ప్లాస్టిక్కు గిన్నెను నిలుపుటకు సిమెంటు నేటికిని వాడుకలో నున్నది. సంవత్సరములు గడచిన పిదప వదులగునదియు తరచుగా ఈ గిన్నెయే. కావుననే శస్త్రవైద్యుడు ఆ కొద్ది నిమిషములలో తొందరపడడు. ఎముక ఆరినదా, సిమెంటు లోపలికి దిగినదా, గిన్నె కదలకున్నదా అని చూచుకొనును. రోగి తన తల తాను మరల దువ్వుకొనగలుగుట ఆ శ్రద్ధపై ఆధారపడియున్నది.