‘ఐడిల్’ అంటే చదవడం లేదనేనా?



మీ పాప ట్యాబ్‌లో ఆన్‌లైన్ ప్రాక్టీస్ టెస్ట్ రాస్తోంది. ఉన్నట్టుండి తెర మీద ‘మీరు ఇంకా ఉన్నారా?’ అని వచ్చింది. అది చూసి ‘ధ్యాస ఎక్కడుంది?’ అని మీరు కోప్పడ్డారు. నిజానికి పాప ఆ లెక్కను రఫ్ నోట్‌బుక్‌లో చేస్తోంది. ఆ సందేశం ఎలా వస్తుందో ఒకసారి తెలుసుకుందాం.

వెబ్‌సైట్‌కు ఎలా తెలుస్తుంది?

వెబ్‌పేజీలో జావాస్క్రిప్ట్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. ఈ భాషను 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించారు. మౌస్ కదిలినా, కీ నొక్కినా, తెరను తాకినా, పేజీని పైకీ కిందకీ జరిపినా బ్రౌజర్ ఆ ప్రోగ్రామ్‌కు కబురు పంపుతుంది. వెంటనే టైమర్ మళ్లీ మొదటికొస్తుంది. గడువు 5 నిమిషాలు అనుకోండి. 4 నిమిషాల 50 సెకన్లకు ఒక్కసారి తాకినా లెక్క సున్నా నుంచి మొదలు. 5 నిమిషాలూ ఏ కబురూ రాకపోతే ‘ఐడిల్’ అని రాసుకుంటుంది. వేరే ట్యాబ్‌లోకి వెళ్లినా ఈ పేజీ కనిపించడం లేదని దానికి తెలుస్తుంది.

దీని అవసరం ఏమిటి?

పలాసలో నెట్ సెంటర్‌కు వెళ్లి బ్యాంకు సైట్ తెరిచి, మరిచిపోయి లేచి వచ్చేశారనుకోండి. కొన్ని నిమిషాలకు అదే లాగౌట్ అయితే మీ ఖాతాకు రక్షణ. అయినా ఆ కొన్ని నిమిషాలు కూడా ప్రమాదమే. మీరే లాగౌట్ చేసి లేవండి.

దానికి తెలియనిది

అక్కుపల్లి తీరంలో కూర్చుని వల బాగుచేసుకునే వారిని దూరం నుంచి చూస్తే ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఈ ప్రోగ్రామ్ చూపూ అలాంటిదే. అది వేళ్ల కదలికను లెక్కిస్తుంది, ఆలోచనను కాదు. కాగితం మీద లెక్క చేసే బిడ్డ ‘ఐడిల్’, ఊరికే తెర జరిపే బిడ్డ ‘యాక్టివ్’!

ఒక జాగ్రత్త

2021లో క్రోమ్ 94తో మరో సదుపాయం వచ్చింది. పేజీలోనే కాదు, మొత్తం పరికరాన్నే మీరు వాడుతున్నారా, తెర లాక్ అయిందా అన్నది కూడా సైట్‌కు చెబుతుంది. వ్యక్తిగత గోప్యతకు భంగమని మొజిల్లా, ఆపిల్ దీన్ని వ్యతిరేకించాయి. దీనికి మీ అనుమతి తప్పనిసరి. తెలియని సైట్ అడిగితే ‘బ్లాక్’ నొక్కండి. పిల్లలకూ అదే చెప్పండి.

ఇకపై ఏ యాప్‌లోనైనా ‘యాక్టివ్ నిమిషాలు’ తక్కువ కనిపిస్తే, కోప్పడే ముందు పక్కనున్న రఫ్ నోట్‌బుక్ తెరిచి చూడండి. ‘ఈ లెక్క ఎలా చేశావో చెప్పమ్మా’ అని అడగండి. చదివిందో లేదో ఆ జవాబులోనే తెలిసిపోతుంది.