బొంత కుట్టే ముందు

కార్తీకం దాటితే చలి మొదలు. మన ట్రంకు పెట్టెల అడుగున పాత లంగాలు, చిరిగిన చొక్కాలు ఊరికే పడి ఉన్నాయి. వాటితో బొంతలు కుడితే చిన్న తరగతుల చెల్లెళ్లు వెచ్చగా పడుకుంటారు. మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది రాస్తున్నాను.

మొదట గుడ్డలన్నీ ఉతికి ఆరబెట్టాలి. కోటబొమ్మాళి టైలర్ల దగ్గర మిగిలే కొత్త ముక్కలనైతే తప్పకుండా ఉతకాలి. కొత్త నూలు గుడ్డ నీళ్లు తగిలితే కుదించుకుంటుంది, పాలిస్టరు అలా కాదు. రెండూ కలిపి కుడితే బొంత ముడతలు పడిపోతాది. అందుకే రెండు మూటలు వేరుగా కట్టాలి. నూలు మూటలో ముదురు రంగులు ఒకపక్క, లేతవి ఒకపక్క పెట్టాలి.

ఇక లెక్క. 6 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు బొంతకు 6 అంగుళాల చదరాలు 12 వరుసలు, వరుసకు 7. మొత్తం 84. కుట్టులోకి నాలుగువైపులా అర అంగుళం పోతుంది కనుక 7 అంగుళాలకు కత్తిరించాలి. అడుగున వేయడానికి ఒక పాత నూలు చీర మూడు మడతలు పెడితే చాలు.

ముగ్గు నేర్చుకున్నట్టే గళ్ల కాగితం మీద ముందు గీసుకోండి. ఏ రంగువి ఎన్ని కావాలో తెలిసిపోతాది. ముక్కలు పదేసి దారంతో కట్టి, ఆ కాగితం వాటికే గుచ్చండి. సగంలో ఆపినా ఇంకొకరు అందుకోవచ్చు.

బెంగాలులో కూడా పాత చీరలు పొరలుగా వేసి కుడతారు. దాన్ని కాంథా అంటారు.

వార్డెన్ మేడమ్ గారు ఒప్పుకుంటే ఆదివారం మూటలు విప్పుదాం. సూది, దారం తెచ్చుకోండి!