ల్యాప్‌టాప్‌తో పాటు ఒక మార్గదర్శి



డాక్టర్ అబ్దుల్ హక్ గారు 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించిన నాటికి మన పిల్లలు కాలేజీ గడప తొక్కడమే గొప్ప. నేడు అదే ఊళ్లో ఆయన పేరిట 2016లో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది, జగన్నాథగట్టుపై ట్రిపుల్ ఐటీ ఉంది. కడప జిల్లా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే సీటు వస్తోంది. మన పిల్లలు కంప్యూటర్ సైన్సులో చేరుతున్నారు. కానీ చాలామంది ఇంట్లో ఆ చదువు తెలిసినవారు లేరు. ప్రాజెక్టు వేళకు ఎవరిని అడగాలో తోచక డబ్బిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు కొంటున్నారు. డిగ్రీ వస్తుంది, పని రాదు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆ లోటు బయటపడుతుంది.

దీనికి మందు మార్గదర్శకత్వం. అంటే ప్రాజెక్టు మనం చేసిపెట్టడం కాదు. ప్రశ్న ఎంచుకోవడం, పరీక్షించడం, తేలింది తేలినట్టు రాయడం, ఈ మూడూ నేర్పడం.

ప్రశ్న చిన్నదిగా ఉండాలి. ‘సైబర్ భద్రత’ అనేది ప్రశ్న కాదు, ఒక సముద్రం. మేము పిల్లలకు తరచు ఇచ్చే ఉదాహరణ అల్ కిందీ గారిది. 9వ శతాబ్దపు బాగ్దాదులో ఆ పండితుడు రహస్య లిపిని విప్పే ఉపాయం రాసిపెట్టారు: ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే గుట్టు బయటపడుతుంది. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ‘ఇ’ అక్షరం. మరి తెలుగులో? ఇక్కడే పరిశోధన మొదలవుతుంది. ‘క్కు’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటరుకు నాలుగు యూనికోడ్ సంకేతాలు. దేన్ని లెక్కపెట్టాలి? ఉర్దూలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు కదా, అప్పుడు లెక్క ఎలా మారుతుంది? రెండు భాషలూ తెలిసిన మన పిల్లలకు ఇది చేతికందే పని. ఖర్చు దాదాపు లేదు.

రెండో ఉదాహరణ మన ఇళ్లలోనిదే. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి ఎందరో కువైట్ వెళ్లారు. వారు పంపే డబ్బు అమ్మ ఖాతాలో పడుతుంది. ఆమె ఫోనుకే ‘కేవైసీ అప్‌డేట్ చేయండి, లేకుంటే ఖాతా ఆగిపోతుంది’ అన్న మోసపు సందేశమూ వస్తుంది. అలాంటి సందేశాలను అనుమతితో సేకరించి, పేర్లు, నంబర్లు తీసేసి, ఏది భయపెట్టింది, ఏది ఆశపెట్టింది, ఏది తొందరపెట్టింది అని విడదీస్తే, వాటిని గుర్తుపట్టే చిన్న ప్రోగ్రాం రాయవచ్చు. మోసం జరిగిన వెంటనే 1930కి ఫోన్ చేయాలన్న మాట కూడా ఆ విద్యార్థి ద్వారానే గడపగడపకూ చేరుతుంది.

ఇందులో హద్దులూ నేర్పాలి. యజమాని అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లో చొరబడటం ఐటీ చట్టం 2000కు విరుద్ధం. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. యూట్యూబులో చూసి పక్కింటి వైఫై మీద ప్రయోగం చేసే కుర్రాడికి ఈ సంగతి చెప్పే పెద్దదిక్కు కావాలి. తాళం తీసే విద్య అమానత్‌తో కూడినది. సాధన కోసం సొంత కంప్యూటర్‌లోనే ల్యాబ్ పెట్టుకోవచ్చు.

దాతలు ఫీజులు కడుతున్నారు, ల్యాప్‌టాప్‌లు ఇస్తున్నారు. జజాకల్లాహు ఖైరన్. వాటితో పాటు ఇంకొకటి అడుగుతున్నాం. బెంగళూరులో, హైదరాబాదులో, గల్ఫులో ఐటీ ఉద్యోగాలు చేస్తున్న మీ పిల్లలు వారానికి ఒక గంట, ఒక్క విద్యార్థికి ఫోనులో కేటాయించాలి. ఆడపిల్లలకు ఆడ ఇంజినీర్లు దొరికితే తల్లిదండ్రులు నిశ్చింతగా ఒప్పుకుంటారు. ఊళ్లో కూర్చుని పని చేసుకునేందుకు ఇంటర్నెట్ ఉన్న ఒక గది కూడా కావాలి.

ప్రయోజనకరమైన జ్ఞానం సదఖయే జారియా అని మనకు తెలుసు. ల్యాప్‌టాప్ కొన్నేళ్లకు పాతబడుతుంది. పని నేర్చిన విద్యార్థి రేపు మరొకరికి నేర్పుతాడు. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.