చలిదేశంలో ఎడారి గులాబి

పిల్లలూ! గన్నేరు చెట్టును మీరంతా చూసే వుంటారు. ఆ గన్నేరుకు ఎడారిలో ఒక చుట్టం వున్నది. దాని మొదలు పొట్టిగా, లావుగా, నీళ్ళకూజాలాగా వుంటుంది. కొమ్మల చివర గులాబిరంగు పూలు పూస్తాయి. అందుకే దానిని ఎడారి గులాబి అంటారు గాని, అది గులాబి జాతిది కానే కాదు. దాని శాస్త్రీయనామం అడేనియం ఒబేసం. "ఒబేసం" అంటే లాటిన్ భాషలో "లావైనది" అని అర్థం. మన కడియం నర్సరీలలో దీనిని అడేనియం పేరుతోనే అమ్ముతారు.

దీని పుట్టిల్లు అరేబియా, ఆఫ్రికాలలోని ఎండుభూములు. డెన్మార్క్ రాజు పంపిన బృందంతో పీటర్ ఫోర్‌స్కాల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు యెమెన్ వెళ్ళి, అక్కడి మొక్కల వివరాలన్నీ వ్రాసుకున్నాడు. పాపం, 1763లో ఆయన జ్వరంతో అక్కడే చనిపోయాడు. ఆ బృందంలో ప్రాణాలతో తిరిగి వచ్చినవాడు కార్‌స్టెన్ నీబూర్ ఒక్కడే. ఆయన తన మిత్రుడి వ్రాతలను 1775లో అచ్చు వేయించాడు. ఎడారి గులాబి వర్ణన అందులోనే వున్నది. ఫోర్‌స్కాల్ దానిని గన్నేరు జాతిలోనే చేర్చాడు!

మరి, ఇటువంటి మొక్క చలిదేశంలో పెరుగుతుందా?

మా అక్కయ్య కూతురు స్కాట్లండ్‌లోని ఎడింబరోలో వుంటున్నది. అక్కడ డిసెంబరు చివర పగలు సుమారు ఏడు గంటలే. ఆ పిల్ల పోయిన ఏడాది వసంతకాలంలో పది గింజలు నాటింది. వసంతంలోనే ఎందుకంటే, చలి వచ్చేలోగా మొక్కకు పొడుగైన వేసవి పగళ్ళు దొరుకుతాయి. కొమ్మ నాటినా బతుకుతుంది గాని, కూజాలాంటి మొదలు చక్కగా రావాలంటే గింజ నుంచే పెంచాలి.

గింజ చిన్న పుల్లముక్కలాగా వుంటుంది. దానికి రెండు చివరలా పట్టుకుచ్చులు. కాయ పగిలినప్పుడు గాలికి ఎగిరిపోవడానికే ఈ ఏర్పాటు. మా మేనకోడలు తాజా గింజలను గోరువెచ్చని నీటిలో కొన్ని గంటలు నానబెట్టింది. అడుగున కన్నాలున్న కుండీలో గరుకు ఇసుక ఎక్కువ కలిపిన మన్ను పోసి, గింజలను పడుకోబెట్టి, పైన పలచగా మన్ను చల్లింది. మొలకెత్తడానికి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. అందుకని కుండీ కింద, మొలకల కోసం అమ్మే కరెంటు చాప పరిచింది. అయిదో రోజుకు మొలకలు తొంగిచూశాయి. పదింటిలో ఎనిమిది! వెంటనే వాటిని బాగా వెలుతురు వచ్చే దక్షిణపు కిటికీలో పెట్టింది.

వేసవి అంతా మొక్కలు బాగా పెరిగాయి. అక్టోబరులో ఆకులు పండి రాలసాగాయి. "అయ్యో, దాహం కాబోలు!" అని ఆ పిల్ల రోజూ నీళ్ళు పోసింది. డిసెంబరులో ఫోను చేసి, "మామయ్యా, మూడు మొక్కలు మెత్తబడి కుళ్ళిపోయాయి!" అని ఒకటే ఏడుపు.

పిల్లలూ, జరిగిందేమిటో తెలుసా? వేళ్ళనుంచి నీటిని పైకి లాగేవి ఆకులే. ఆకులు రాలాక నీళ్ళు మన్నులోనే నిలిచిపోతాయి. చలీ తడీ కలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి. ఆకు రాల్చిన ఎడారి గులాబి చావలేదు, నిద్రపోయింది. దానికి కావలసిన నీరు ఆ లావుపాటి మొదలులోనే దాగివున్నది.

"మిగిలిన అయిదింటికీ నీళ్ళు మానెయ్యి. రాత్రివేళ చల్లని కిటికీ అద్దానికి దూరంగా జరుపు. 12 డిగ్రీలకంటె చలి తగలనివ్వకు. అప్పుడప్పుడూ మొదలును మెల్లగా నొక్కి చూడు, గట్టిగా వుంటే భయం లేదు," అని చెప్పాను.

నీళ్ళు పోయకుండా వూరుకోవడం ఆ పిల్లకు చాలా కష్టమైంది. అయినా వూరుకున్నది. మార్చి నెలలో మళ్ళీ ఫోను వచ్చింది: "మామయ్యా! ఆకు వేసింది! ఇప్పుడు కాసిని నీళ్ళు పోయనా?"

"పొయ్యి," అన్నాను.

ఒక్క హెచ్చరిక: ఈ మొక్క పాలు విషం. ఆఫ్రికాలో వేటగాళ్ళు బాణాలకు పూసేవారు. కనుక మొక్కను ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, చంటిపిల్లలకు అందనివ్వకండి.