గ్లిజరిన్ చుక్కా, పలకల లారీ

కరోనా తగ్గి బడులు మళ్లీ తెరిచిన రోజులు. మార్కాపురంలో మా తొమ్మిదో తరగతి పిల్లలతో చేతులకు రాసుకునే శానిటైజర్ చేయిద్దామనుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు ఉండనే ఉన్నాయి. లీటరుకు 99.8 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 751.5 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 41.7, గ్లిజరిన్ 14.5, మిగతాది కాచి చల్లార్చిన నీళ్లు. మొదటి రెండూ కొలజాడీలోంచి గలగలా దిగాయి. గ్లిజరిన్ దగ్గర చిక్కొచ్చింది. జాడీ బోర్లించి పట్టుకుంటే పాకంలా సాగుతుంది, గాజుగోడ పట్టుకుని వేలాడుతుంది, ఎంతసేపటికీ పూర్తిగా దిగదు.

గిద్దలూరు నుంచి వచ్చి ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకునే అమ్మాయి ఒకతె ముందు బెంచీలో కూర్చునేది. జాడీని తీసుకుని వెలుతురుకు పట్టి చూసి అడిగింది: "సార్, గోడకు అంటుకున్నది మన లెక్కలో ఉన్నట్టా, లేనట్టా?"

ఆ ప్రశ్నకు నోటితో జవాబు చెప్పాలనిపించలేదు. బజారులో బంగారపు పని చేసే ఆచారి గారి దగ్గరికి వెళ్లి, అరచేతిలో పట్టే డిజిటల్ కాటా ఒకటి సాయంత్రం దాకా అడిగి తెచ్చాను. 200 గ్రాముల దాకా తూస్తుంది, గ్రాములో నూరోవంతు చూపిస్తుంది. "ఫ్యాను కింద పెట్టొద్దు మాస్టారూ, గాలిని కూడా తూస్తుంది" అని మరీ మరీ చెప్పి ఇచ్చారు. ఖాళీ జాడీని ముందు తూచాం. గ్లిజరిన్ పోసి, వంచి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ తూచాం. గోడకు 0.61 గ్రాములు మిగిలింది. పోయాల్సింది 18.27 గ్రాములు. అంటే నూటికి మూడు పాళ్లకు పైగా జాడీయే ఉంచేసుకుంది.

మనవాళ్లు ఎప్పటినుంచో కొలతనీ తూకాన్నీ వేరువేరుగానే చూశారు. బియ్యం, కందులు కొలిచేవారు: రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. బంగారం మాత్రం తూచేవారు. మానిక అంచున నాలుగు గింజలు అటూ ఇటూ అయినా ఇల్లు గడుస్తుంది, బంగారంలో అలా గడవదు. జిగట ద్రవాలదీ బంగారం దారే. గ్లిజరిన్ మిల్లీలీటరుకు సుమారు 1.26 గ్రాములు తూగుతుంది కాబట్టి 14.5ని 1.26తో గుణిస్తే 18.27 గ్రాములు. సీసాను కాటా మీద పెట్టి, టేర్ బొత్తాం నొక్కి సున్నా చేసి, అంకె వచ్చేదాకా నేరుగా సీసాలోకే పోస్తే సరి. జాడీ లేదు, అంటుకునే గోడ లేదు. ఎక్కువైతే వెంటనే కనపడుతుంది. విదేశాల్లో ఈ-సిగరెట్ల ద్రవాలు ఇంట్లో కలుపుకునేవాళ్లు సిరంజీలు పక్కన పెట్టి కాటా పట్టడానికీ కారణం ఈ గ్లిజరినే. మన దేశంలో ఆ వస్తువులను 2019లోనే చట్టం నిషేధించింది, నిషేధించడమే మంచిది. కానీ కలిపే పద్ధతి మాత్రం మందులకైనా, రంగులకైనా, సబ్బులకైనా చక్కగా పనికొస్తుంది.

ఆ వారమే పాడైపోయిన అలాంటి కాటా ఒకటి దొరికితే విప్పాను. లోపల చక్రాలు లేవు, స్ప్రింగు లేదు. చూపుడువేలంత అల్యూమినియం కడ్డీ, దానికి రెండువైపులా తెల్లటి జిగురు, నాలుగు సన్నని తీగలు. అంతే. దాన్నే లోడ్ సెల్ అంటారు. కడ్డీకి ఒక చివర పెట్టె అడుగుకు బిగించి ఉంది, రెండో చివర మీద పళ్లెం కూర్చుంటుంది. బరువు పెడితే కడ్డీ వంగుతుంది. కంటికి ఆనదు గానీ వంగుతుంది. కాటా కొలిచేది ఆ వంపునే.

కడ్డీ మధ్యలో ఒక రంధ్రం ఉంది. రెండు గుండ్రని బెజ్జాలు పక్కపక్కన తొలిచి మధ్యలో కలిపేసినట్టు, కళ్లజోడు ఆకారంలో. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ రంధ్రమే. అది ఉండటంవల్ల కడ్డీకి పైన ఒక సన్నని పట్టీ, కింద ఒక సన్నని పట్టీ మిగులుతాయి. బరువు పడగానే రెండూ సమాంతరంగా దిగుతాయి, పళ్లెం వాలిపోకుండా నిటారుగా కిందికి జరుగుతుంది. కిరాణా కొట్టు బల్లమీద పళ్లేలు పైకి ఉండే కాటా గుర్తుందా? దానిలోనూ ఇదే ఉపాయం: పప్పు పొట్లం పళ్లెం నడుమ పెట్టినా అంచున పెట్టినా తూకం మారదు. ఆ సమాంతర చతుర్భుజం ఉపాయాన్ని ఫ్రాన్సులో రోబెర్వాల్ అనే గణితవేత్త 1669లో చూపించాడు. మూడున్నర వందల ఏళ్ల నాటి ఆ ఉపాయం మన అరచేతి కాటాలో ఒక రంధ్రంగా దాక్కుని ఉంది.

బెజ్జాల మీద, కడ్డీ బాగా పలచబడిన చోట నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లు అతికించి ఉంటాయి. పలచని పొర మీద ముగ్గు చుట్టలా మెలికలు తిరిగిన సన్నని లోహపు దారి, అదే గేజ్. లోహపు తీగను లాగితే పొడవై సన్నబడుతుంది, విద్యుత్తుకు దాని నిరోధం పెరుగుతుంది. నొక్కితే పొట్టిదై లావెక్కుతుంది, నిరోధం తగ్గుతుంది. కడ్డీ వంగినప్పుడు బిగించిన చివర దగ్గర పైభాగం సాగుతుంది, పళ్లెం చివర దగ్గర పైభాగమే నొక్కుకుంటుంది. కింది వైపు దీనికి తలకిందులు. కాబట్టి నాలుగు గేజ్‌లలో రెండు సాగుతాయి, రెండు కుదించుకుపోతాయి. వాటిని వీట్‌స్టన్ బ్రిడ్జి అనే విద్యుత్ వలయంగా కలుపుతారు. రెండు పెరిగి రెండు తగ్గడంతో బ్రిడ్జి ఒకవైపు మొగ్గుతుంది, ఆ మొగ్గు చిన్న వోల్టేజిగా బయటికొస్తుంది.

ఇక్కడే రెండు చిక్కులు ఒక్క దెబ్బతో తీరతాయి. సీసాను పళ్లెం అంచున పెట్టామనుకోండి. ఆ మెలివల్ల పై పట్టీ మొత్తం ఒకేలా సాగుతుంది, దాని మీది రెండు గేజ్‌లూ సమానంగా మారతాయి. బ్రిడ్జి పట్టించుకునేది తేడాని మాత్రమే కాబట్టి సమానంగా వచ్చిన మార్పు దానిలో కొట్టుకుపోతుంది. ఎండ సంగతీ అంతే. మే నెలలో మా తరగతి గదిలో ఉక్క మీకు చెప్పనక్కర్లేదు. వేడికి తీగల నిరోధం మారుతుంది, కానీ నాలుగూ కలిసే వేడెక్కుతాయి, కలిసే మారతాయి. బ్రిడ్జి కదలదు.

ఎంత సున్నితమో లెక్క వేసి చూద్దాం. గేజ్ నిరోధం 1000 ఓంలనుకుంటే, 200 గ్రాములు పెట్టినప్పుడు అందులో వచ్చే మార్పు సుమారు ఒక్క ఓం. 3 వోల్టులు ఇస్తే బ్రిడ్జి తిరిగి ఇచ్చేది 3 మిల్లీవోల్టులు. నూరోవంతు గ్రాము దానిలో 20,000వ వంతు, అంటే 0.15 మైక్రోవోల్టులు. ఒక్క గ్లిజరిన్ చుక్క పడగానే అంకెలు జరుగుతున్నాయంటే, ఆ యంత్రం పట్టుకుంటున్నది ఇంతటి గుసగుసను.

ఈ గేజ్ కథ వెనక ఇద్దరున్నారు. కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో ఎడ్వర్డ్ సిమ్మన్స్, 1936 ప్రాంతంలో, లోహాల మీద పడే దెబ్బ బలం ఎంతో కొలవడానికి సన్నని తీగను అతికించి చూశాడు. అమెరికా రెండో కొసన మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో ఆర్థర్ రూజ్ భూకంపం వస్తే ఓవర్‌హెడ్ నీళ్ల ట్యాంకులు ఎలా ఊగుతాయో చిన్న నమూనాల మీద పరీక్షిస్తున్నాడు. నమూనా గోడలు మరీ పలచన, ఏ పరికరం తగిలించినా దాని బరువే వాటిని వంచేస్తుంది. 1938లో ఆయన సన్నని టంగ్‌స్టన్ తీగను సిగరెట్ కాగితానికి జిగురుతో అంటించి, ఆ కాగితాన్ని నమూనాకు అతికించాడు. పని జరిగింది. దీనికి వ్యాపారంలో పెద్ద విలువ ఉండదనుకుని ఎంఐటీ హక్కులను ఆయనకే వదిలేసింది. కానీ 1942లో పేటెంట్ సిమ్మన్స్‌కు దక్కింది. ఆ హక్కుల కోసం ఆయన తన సంస్థతోనే కోర్టుకెక్కాల్సి వచ్చింది. 1949లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఇద్దరి శ్రమా బజారుకొచ్చిన గేజ్ పేరులో నిలిచింది: ఎస్‌ఆర్-4. ఎస్ అంటే సిమ్మన్స్, ఆర్ అంటే రూజ్. ఒకరి గురించి ఒకరికి తెలియకుండా ఇద్దరు ఒకే తీగ పట్టుకోవడం, చివరికి ఇద్దరి పేర్లూ ఒకే చీటీ మీదికి రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా మనసు నిండే సంగతి.

తర్వాత కథ త్వరగానే నడిచింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల రెక్కలకు గేజ్‌లు అతికించారు. తీగ పోయి, అద్దకంలా చెక్కిన పలచని లోహపు రేకు వచ్చింది. మైక్రోవోల్టులను అంకెలుగా మార్చే చిప్పులు చవకయ్యాక కాటా జేబులోకి దిగింది.

వాడేవాళ్లకు నాలుగు మాటలు. సమతలం మీద పెట్టండి, ఫ్యాను ఆపండి, ఆన్ చేశాక కాసేపు ఆగండి. అప్పుడప్పుడూ 100 గ్రాముల ప్రామాణిక రాయి పెట్టి సరిచూడండి. మోయగలిగినదానికి మించి బరువు పెడితే కడ్డీ వంగినచోటే ఉండిపోతుంది, ఇక అది ఏది తూచినా తప్పే. వ్యాపారానికైతే తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న కాటాయే వాడాలి.

ఆ రోజు శానిటైజర్ పూర్తయ్యాక ఆ అమ్మాయి జేబులోంచి గురివింద గింజలు తీసింది. నోట్లో పెట్టుకుంటే విషమని చెప్పి ఒక్కొక్కటే తూయించాను. 0.11, 0.13, 0.12, మళ్లీ 0.11. "పాతకాలంలో కంసాలులు వీటితోనే తూచేవాళ్లమ్మా. 96 గింజలు ఒక తులం" అన్నాను. ఆనాటి తులం అంటే 11.66 గ్రాములు, గింజకు 0.12 పైచిలుకు. పిల్లలు పలకల మీద భాగించి చూసి, ఏ గింజా సరిగ్గా అంత లేకపోయినా అన్నీ దాని చుట్టూనే ఉన్నాయని తేల్చారు.

సాయంత్రం కాటా తిరిగిచ్చేద్దామని బయల్దేరితే ఆ అమ్మాయి కూడా వచ్చింది. దారిలో పలకల లోడు లారీ ఒకటి వేబ్రిడ్జి ఎక్కుతోంది. వేబ్రిడ్జి ఇనుప పలక కింద ఏముంటుందని అడిగింది. "ఈ కాటాలో ఉండేలాంటి లోడ్ సెల్లే, ఉక్కుతో, ఇంకా లావుగా" అన్నాను. లారీ ఆగింది, వేబ్రిడ్జి గదిలో ఎర్రటి అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. ఆమె లారీని చూడలేదు. వంగి, చక్రాల కింద పలక ఎంత దిగిందో కంటితో పట్టుకోవాలని చూస్తోంది.