వైద్యుడు - వ్రాయసకాడు

వైద్యుని చేయి రోగి నాడిమీద ఉండవలెనా, కలముమీద ఉండవలెనా? వినుటకు సులభమైన ప్రశ్నయే గాని, నేటి వైద్యశాలలను కలతపెట్టుచున్న ప్రశ్నలలో ఇది యొకటి. అమెరికాలో నాలుగు రాష్ట్రములకు చెందిన 57 మంది వైద్యుల దినచర్యను గమనించి చేసిన పరిశోధన 2016లో వెలువడినది. రోగితో ముఖాముఖి గడపిన ప్రతి గంటకును, దాదాపు రెండు గంటలు కంప్యూటరు దస్త్రములకును, బల్లమీది పనికిని వ్యయమగుచున్నట్లు అందు తేలినది. రోగుల వివరములను కంప్యూటరులో భద్రపరచు వైద్యులకు 2009నాటి చట్టమొకటి అక్కడ ధనసహాయము కల్పించినది. దస్త్రము పెరిగినది, వైద్యుని చూపు రోగి ముఖమునుండి తెరకు మరలినది.

అప్పుడొక పాత వృత్తి క్రొత్త పేరుతో విస్తరించినది. వైద్యుని ప్రక్కన కూర్చుండి, రోగి చెప్పినదియు వైద్యుడు కనుగొన్నదియు వెంటవెంటనే వ్రాయువానిని మెడికల్ స్క్రైబ్ అనిరి. కచేరీలలో వ్రాయసకాండ్రను ఎరిగిన మనము అతనిని వైద్యలేఖకుడనవచ్చును. అతనివలన కలుగు మేలు కేవలము ఊహ కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున అత్యవసర విభాగములలో జరిపి 2019లో ప్రకటించిన పరీక్షలో, ఒక వైద్యుడు గంటకు చూచు రోగుల సగటు సంఖ్య 1.13 నుండి 1.31కి పెరిగినది. రోగి ఆ విభాగమున గడపు కాలము 19 నిమిషములు తగ్గినది. అయితే సుమారు 300 సంప్రదింపులకు ఒకటి చొప్పున, రోగి భద్రతకు సంబంధించిన పొరపాట్లును ఆ పరీక్షలోనే నమోదైనవి.

మనవారికి ఈ విద్య అపరిచితము కాదు. 1990 దశకము చివరినుండి హైదరాబాదులో ఎందరో యువతీయువకులు సముద్రముల కావలి వైద్యుల మాటలను విని దస్త్రములుగా మార్చిరి. అక్కడ చెప్పునది ఇంగ్లీషు, వ్రాయునదియు ఇంగ్లీషే. మన ఆసుపత్రులలో పని ఇంతకంటె కఠినము. రోగి తెలుగులో చెప్పుకొనును. కేస్ షీటు ఇంగ్లీషులో ఉండును. ఈ రెంటి నడుమ జరుగునది వట్టి లేఖనము కాదు, అనువాదము.

గుంటూరు, ఒంగోలు సర్వజనాసుపత్రులకు పత్తి, మిరప చేలనుండి రోగులు వత్తురు. ప్రత్యేకముగా లేఖకులున్న ఆసుపత్రులు మనకు అరుదు గనుక, వ్రాతపని తరచు హౌస్ సర్జన్లమీద పడును. "మావోడు మందు కొట్టొచ్చి పడిపోయాడు బాబూ" అని ఒక తల్లి చెప్పినదనుకొందము. రైతు ఇంట మందు కొట్టుటయనగా చేనికి పురుగుమందు చల్లుట. పట్టణమున పెరిగిన కుర్రవానికి అదే మాట మద్యపానము. పొలములో చల్లు ఎరువును మందే, వైద్యుడిచ్చు మాత్రయు మందే!

కలము పట్టినవాడు ఆ మాటను మద్యమని వ్రాసెనా, విషప్రభావమను అనుమానము వెనుకబడవచ్చును. మోనోక్రోటోఫాస్ వంటి మందు దేహమున ప్రవేశించినప్పుడు చెమటలు పట్టును, చొంగ కారును, కనుపాపలు కుంచించుకొనును. అప్పుడు అట్రోపిన్ ఇచ్చుటలో జాగు ప్రాణాంతకము. రోగి బ్రతికి బయటపడినను ఆ మాట అతనిని విడువదు. మత్తులో జరిగిన ప్రమాదమునకు పరిహారము లేదను షరతు అనేక బీమా ఒప్పందములలో కలదు. ఆసుపత్రిలో చేరినవారి వివరములను మూడేండ్లు భద్రపరచవలెననియు, కోరిన 72 గంటలలో ఈయవలెననియు భారత వైద్యమండలి 2002లో నియమము చేసినది. ఒప్పయినను తప్పయినను, భద్రముగా నిలుచునది ఆ వ్రాతయే.

వ్యాసుడు చెప్పగా భారతమును వ్రాయుటకు పూనుకొన్న విఘ్నేశ్వరుడు, తన గంటము ఆగరాదని నియమము పెట్టెనట. అర్థము గ్రహింపక వ్రాయరాదని వ్యాసుడు ప్రతినియమము పెట్టెనట. మొదటిది వేగమునకు కాపు, రెండవది సత్యమునకు. గంటకెందరు రోగులను లెక్క మొదటి నియమమునే కొలుచును. సంభాషణ విని తామే దస్త్రము కూర్చు యంత్రములు నేడు వచ్చినవి. వానికిని రెండవ నియమమే పరీక్ష.

కావున లేఖకుడు మనిషియైనను యంత్రమైనను, వ్రాసినదానిని వైద్యుడు చదివిన పిమ్మటనే సంతకము చేయవలెను. అనుమానమున్నచోట రోగి పలికిన తెలుగుమాటను యథాతథముగా ప్రక్కన నిలుపవలెను. లేఖకుడు వైద్యుని చేతిని విముక్తము చేయగలడు గాని, బాధ్యతనుండి విముక్తుని చేయలేడు.

ఈ శిక్షణ ఆసుపత్రిలో కాదు, బడిలో ఆరంభము కావలెను. ఉక్తలేఖనము పెట్టునప్పుడు మనము అక్షరదోషములను దిద్దుచున్నాము. అర్థము తోచనిచోట చేయెత్తి అడుగుమని కూడ నేర్పవలెను. అట్లు నేర్చిన పిల్లలలో ఒకరు, రేపు గుంటూరు ఆసుపత్రిలో కలము పట్టి, వ్రాయుటకు ముందు ఆ తల్లిని అడుగుదురు: "ఏ మందమ్మా? సీసా తెచ్చారా?"