పాఠం రికార్డు చేస్తే కోర్సు అయిపోతుందా?

క్లాసులో చెప్పే పాఠాన్నే కెమెరా ముందు చెప్పేసి, ఆ వీడియోలు వరసగా పెడితే ఆన్‌లైన్ కోర్సు తయారైపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ బ్రిటన్‌లో కోర్సు డిజైన్ మొదలయ్యేది కెమెరాతో కాదు, గంటల లెక్కతో. అక్కడ ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పడే పది గంటల శ్రమ. 30 క్రెడిట్ల సబ్జెక్టుకు 300 గంటలు. 30 వారాలు నడిస్తే వారానికి పది. అందులో వీడియోలకు రెండు గంటలు పోయాయనుకుందాం. మిగతా ఎనిమిది గంటలూ ఆ విద్యార్థి ఇంట్లో ఒక్కడే కూర్చుని ఏం చేయాలి? లెక్చరర్ అసలు పని అది తేల్చడమే.

దీనికోసం యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ‘ఏబీసీ’ అనే పద్ధతి తయారుచేశారు. ఒక సబ్జెక్టు చెప్పేవాళ్లంతా గంటన్నర సేపు బల్ల చుట్టూ చేరతారు. వాళ్ల ముందు ఆరు రకాల కార్డులుంటాయి: విని, చదివి తెలుసుకోవడం; వెతికి పరిశీలించడం; సాధన చేయడం; చర్చించడం; నలుగురితో కలిసి చేయడం; సొంతంగా ఏదైనా తయారుచేయడం. నేర్చుకోవడంలోని ఈ ఆరు తీరులను విడదీసి చూపింది డయానా లారిలార్డ్ అనే విద్యావేత్త. ఏ వారం ఏ కార్డో పెద్ద కాగితం మీద పేర్చుకుంటూ పోతారు. మొదటి రకమే మళ్లీ మళ్లీ పడుతోందంటే, పిల్లలకు వినడం తప్ప వేరే పని ఇవ్వలేదని అందరికీ అక్కడే తెలిసిపోతుంది. ఇంత సులువైన పద్ధతి మన కాలేజీల్లో ఎందుకు వాడకూడదో నాకు అర్థం కాదు. కావలసింది కాగితాలూ కార్డులూ, గంటన్నర సమయమే కదా!

దూరాన ఉన్న విద్యార్థి ఏం చేయాలో ముందే ఆలోచించి కోర్సు తయారుచేయడం ఇంటర్నెట్‌తో వచ్చింది కాదు. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడి, 1971లో పాఠాలు మొదలుపెట్టింది. అక్కడ కోర్సు ఏ ఒక్కరో రాసేది కాదు. సబ్జెక్టు నిపుణులు, సంపాదకులు, బీబీసీ ప్రొడ్యూసర్లు ఒక బృందంగా కూర్చుని, ఒకరి రాతను మరొకరు నిర్మొహమాటంగా దిద్దేవారు. సైన్స్ విద్యార్థులకు ప్రయోగాల కిట్ ఇంటికే పంపేవారు. అందులో చేతిలో ఇమిడే మైక్రోస్కోప్ కూడా ఉండేది. అన్నిటికన్నా నాకు గొప్పగా తోచేది ట్యూటర్ల పాత్ర. విద్యార్థి రాసి పంపిన అసైన్‌మెంట్‌కు మార్కులు వేసి ఊరుకోరు. ఎక్కడ వాదన తడబడిందో, తర్వాతి దాంట్లో ఏం సరిచేసుకోవాలో రాసి పంపుతారు. దూరాన ఉన్న విద్యార్థికి గురువు దొరికేది ఆ రాతలోనే.

దూరవిద్య మనకూ కొత్త కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. జి. రాంరెడ్డి తొలి వైస్ ఛాన్సలర్‌గా మొదలైన ఆ సంస్థే నేటి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ.

మీరు గానీ మీ పిల్లలు గానీ ఆన్‌లైన్ కోర్సులో చేరబోతుంటే, వీడియోలు ఎన్ని గంటలని అడిగి ఊరుకోకండి. నేను రాసిన జవాబు ఎవరు చదువుతారు, ఎన్నాళ్లలో బదులిస్తారు అని కూడా అడగండి. సరైన సమాధానం రాకపోతే ఫీజు కట్టకండి.